పలక మీద ఫైసలా

ఇది చెప్తుంటే నా మీద నాకే కోపం వస్తుంది. అయినా చెప్పక తప్పదు. మానుకోటలో ఈ సంగతిని తప్పుగా చెప్పుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. రామచందర్ సేటు పోలీసు క్యాంపులో నాలుగు రోజులు గుండె రాయి చేసుకుని నిలబడ్డాడని అంటారు. శుద్ధ అబద్ధం. ఆ రామచందర్ని నేనే. నాలుగు రోజులూ వణుకుతూనే ఉన్నాను. నిలబడింది గుడాలమ్ముకునే బుచ్చవ్వ.

నలభై తొమ్మిదో సంవత్సరం. శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజులు. స్టేషను దారిలో మా నాయిన రామలింగం పెట్టిన కిరాణా దుకాణాన్ని నేను నడిపేవాణ్ణి. నైజాం పాలన పోయి ఆర్నెల్లయినా జనానికి భయం పోలేదు. కొత్తగూడ అడవిలో కమ్యూనిస్టుల సంఘం దళాలున్నాయని చెప్పుకునేవారు. నెల్లికుదురు దిక్కు ఊళ్లలో మగవాళ్లను క్యాంపుకు తీసుకుపోతే ఎప్పుడొస్తారో తెలిసేది కాదు. మా ఊళ్లోనూ పాత ధాన్యం గోదాములో ఒక పోలీసు క్యాంపు పడింది. ఎర్రోళ్లు అన్న మాటను ఎవరైనా చుట్టూ చూసి, గొంతు తగ్గించి అనేవాళ్లు.

అదే మాటను గొంతు చించుకుని అరిచే చోటు ఊరి మొత్తంలో ఒక్కటే ఉండేది. స్టేషను వెనక ఆటస్థలం. రైలు జట్టువాళ్లు పాత సిగ్నల్ జెండాల గుడ్డతో ఎర్ర బనీన్లు కుట్టించుకున్నారు. అప్పటినుంచి బంతాట విషయంలో మాకు ఎర్రోళ్లంటే రైలోళ్లే. పట్టాలు బాగు చేసే యోహాను గోలు కాసేవాడు. ఇంజన్లకు బొగ్గెత్తే ఎర్రయ్య ముందుండి ఉరికేవాడు. వాడి ఒళ్లు బొగ్గు, బనీను ఎరుపు, పేరు ఎర్రయ్య. ఆ పేరు నన్ను ఎంత ఇరికిస్తుందో అప్పటికి నాకు తెలియదు.

ఆ ఏడు కప్పుకు నాలుగు జట్లు దిగాయి. జనగామవాళ్లు ముందే ఇంటికి పోయారు. గార్ల మిషను బడి జట్టు ఫైనలుకు చేరింది. రెండో చోటు కోసం రైలోళ్లకూ క్యాంపు పోలీసులకూ ఆట పడితే చెరొక గోలుతో సమానమైంది. మళ్లీ ఆదివారం ఆడి తేల్చుకోవాలి. దాన్ని మేము ఫైసలా ఆట అనేవాళ్లం. ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా ఒకటే ప్రశ్న, ఎవరు గెలుస్తారని. ఆ ప్రశ్నకు జవాబు మా దుకాణం ముందు వేలాడదీసిన పెద్ద పలక మీద దొరికేది.

ప్రతి గురువారం పొద్దున నేను పలక కడిగి, రాబోయే ఆట ఎట్లా సాగుతుందో, ఎవరు గెలుస్తారో సుద్దతో రాసేవాణ్ణి. కింద రామచందర్ అని సంతకం. ఏడాదిగా పలక మాట ఒకటి రెండుసార్లు తప్ప తప్పలేదు. స్టేషను మాస్టరు కూడా నన్ను పిలిచి అడిగేవాడు. నేను మీసం సవరించుకుని, కొంచెం ఆలోచించినట్టు నటించి, చెప్పేవాణ్ణి.

నిజానికి నాకు ఆట ఏమీ తెలియదు. బంతి గోల్లో పడితే చప్పట్లు కొట్టడం తెలుసు. ఆ మాటలన్నీ బుచ్చవ్వవి. ఆమె బొబ్బర్లు, శనగలు ఉడికించి, తాలింపు వేసి, ఆ గుడాలను గంపలో పెట్టుకుని ఆటస్థలం మూలన కూర్చుని అమ్మేది. గురువారం గురువారం మా దుకాణానికి బొబ్బర్ల కోసం వచ్చి, నేను తూకం వేసేలోగా రాబోయే ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసేది. ఇవన్నీ నీకెట్లా తెలుసని ఒకసారి అడిగాను.

"బంతిని అందరు చూస్తరు కొడుకా. నేను బంతి లేనోన్ని చూస్త" అంది. గిరాకీ కోసం ముఖాలు చూసీ చూసీ అలవాటైందట.

ఆ మాటల కింద నా పేరు పెట్టుకోవడం నాకు తప్పనిపించలేదు. చదువురాని మనిషికి పలక మీద పేరెందుకు అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు వేయలేదు.

ఆ గురువారం బుచ్చవ్వ చెప్పినదాన్ని ఆమె మాటల్లోనే ఇట్లా రాశాను:

"ఆదివారం ఫైసలా. గెలుపు ఎర్రోళ్లదే. క్యాంపు ఎడమ దిక్కు కాపలా కచ్చగున్నది. అటుకెల్లే లోపలికి పోతరు. ఎర్రయ్య రెండు కొడతడు. రామచందర్."

ఇందులో ఆట అన్న మాట ఎక్కడా లేదు. బంతి లేదు, గోలు లేదు. పలక ఎప్పుడూ ఆట గురించే కదా, మానుకోటలో తెలియనివాడెవడు అనుకున్నాను. ఆ వారమే కొత్తగా వచ్చిన ఒక కానిస్టేబులుకు తెలియదు. అతను పలకను రెండుసార్లు చదివి, చిన్న పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకుని పోయాడు. మధ్యాహ్నానికల్లా నలుగురు వచ్చి పలకనూ నన్నూ కలిపి తీసుకుపోయారు. నా భార్య కౌసల్య దుకాణం తలుపు పట్టుకుని నిలబడి చూసింది. ఏడవలేదు గానీ ముఖం సుద్దలా అయిపోయింది.

క్యాంపు జమాదారు పేరు జగపతి. కాకినాడ వైపు మనిషి. పొడుగ్గా, ఎండకు కమిలిపోయి ఉండేవాడు. పోలీసు జట్టును తయారు చేసింది ఆయనే. పలకను గోడకు ఆనించి, దాని ముందు కుర్చీలో కూర్చున్నాడు. దీన్ని చదివితే క్యాంపు మీద దాడికి వేసిన ప్లానులా ఉందా లేదా నువ్వే చెప్పమన్నాడు. అప్పుడు నేను దాన్ని మొదటిసారి పోలీసు కళ్లతో చదివాను.  ఇది బంతాట మాటండీ అన్నాను. నా నోట్లోంచి అండీ రావడం అదే మొదలు.

భయంలో మనిషికి వచ్చే తెలివి చూడండి. మీ వైపు ఎర్రోళ్లంటే వెర్రివాళ్లని కదా, నేనూ ఆ అర్థంలోనే రాశానన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అలాగైతే నిన్ను చూసే రాసుకున్నావు" అన్నాడు.

తర్వాత ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. "నేను ఇరవై ఏళ్లు ఫుట్‌బాల్ ఆడాను. మా ఎడమ పక్క ఎందుకు బలహీనమో చెప్పు. చెప్పగలిగితే ఇది ఆట మాటేనని నమ్ముతాను."

నాకేం తెలుసు. ఎడమ పక్క ఆడేవాడు పొట్టివాడన్నాను. జట్టు మొత్తంలో పొడుగువాడు అతనేనట. మరి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పమన్నాడు. గీత అవతలికి బంతి పోవడమన్నాను. పక్కన నిలబడ్డ కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. జమాదారు మాత్రం నవ్వలేదు. బంతాట తెలియనివాడు బంతాట గురించి రాయడు, కాబట్టి ఇది వేరే సంగతే అని తేల్చేశాడు. ఏడాదిగా ఊరిని మోసం చేసిన నా గొప్పతనం చివరికి నా మెడకే చుట్టుకుంది. బుచ్చవ్వ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ముసలమ్మను ఇరికించడం ఎందుకన్న మంచితనం అందులో కొంత ఉంది. మిగతాదంతా పరువే.

గోదాములో ఒక గదిలో పెట్టారు. తెల్లారితే శుక్రవారం. సోమవారం రైల్లో వరంగల్ జైలుకు పంపుతారని కాపలావాడు చెప్పాడు. అక్కడికి పోయినవాళ్లు ఎవరూ అప్పటిదాకా తిరిగి రాలేదు. కౌసల్యకు అప్పుడు అయిదో నెల. ఆ గదిలో కూర్చుని నేను పలకను తిట్టాను, సుద్దను తిట్టాను, ఎర్రయ్య అని పేరు పెట్టిన వాడి అమ్మానాన్నలను కూడా తిట్టాను. తిట్టవలసినవాణ్ణి మాత్రం తిట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కిటికీలోంచి తాలింపు వాసన వచ్చింది. చూస్తే బుచ్చవ్వ గంప నెత్తిన పెట్టుకుని క్యాంపు వాకిట్లో నడుస్తోంది. సంగతి కౌసల్య చెప్పిందట. ఎవరూ పిలవకుండానే వచ్చింది. జమాదారు కుర్చీ ఎదురుగా గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గా పలక మీదున్న మాట నాది సారూ. పిలగాడు రాసిండంతే" అంది.

గది నుంచి నాకు వాళ్లిద్దరూ కనిపిస్తున్నారు, మాటలు కూడా వినిపిస్తున్నాయి. జమాదారు నమ్మలేదు. నాకు వేసిన ప్రశ్నే ఆమెకూ వేశాడు, మా ఎడమ పక్క ఎందుకు బలహీనమని.  బుచ్చవ్వ ఆకు దొప్పలో గుడాలు పెట్టి ముందు ఆయన చేతికిచ్చింది. తినడం మొదలుపెట్టాక చెప్పింది.

"నువ్వు కూసునేది ఆడనే కద సారూ."

ఆయన నమలడం ఆపాడు. ఆమె తన దారిన చెప్పుకుపోయింది. ఎడమ పక్కన ఆడే పొడుగు పిల్లగాడు బలమైనవాడే. కాలు మంచిది, ఊపిరి మంచిది. కానీ బంతి తన దగ్గరికి వచ్చిన ప్రతిసారీ జమాదారు ముఖం చూస్తాడు. కొట్టాలా, ఆపాలా, పక్కవాడికివ్వాలా అని. ఆ చూసేంతలో ఎర్రయ్య దాటిపోతాడు. సగం ఆట తర్వాత జట్లు దిక్కులు మారితే జమాదారు తన కుర్చీని కూడా ఇవతలి నుంచి అవతలికి మోయించుకుంటాడు. అందుకని రెండు సగాల్లోనూ అదే పక్క కచ్చ.

"రైలోళ్లకు చూద్దామంటె ఎవరున్నరు. స్టేషన్ మాస్టరు ఆటకే రాడు. తప్పో ఒప్పో ఆల్లే కొట్టుకుంటరు" అంది.

జమాదారు చేతిలోని దొప్ప కింద పెట్టాడు. తర్వాత తన కుర్చీ రెండో పక్కకు మారిస్తే ఏమవుతుందని అడిగాడు. అప్పుడా పక్క కచ్చ అవుతుందంది. తన వైపు చూడవద్దని పిల్లలకు గట్టిగా ఆర్డరిస్తే? చూస్తున్నాడో లేదో అని ఆర్డరిచ్చినవాణ్ణే ఇంకోసారి చూస్తారంది. ఆయన ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. చివరికి, అసలు నేను ఆటకే రాకపోతే అన్నాడు.

గదిలో నేను కిటికీ చువ్వలు పట్టుకున్నాను. అబద్ధం చెప్పు ముసలిదానా అని మనసులో మొక్కుకున్నాను.

"అట్లయితె నేను చెప్పలేను సారూ. మీ పిలగాండ్లు మంచోల్లే. గెల్వొచ్చు" అంది బుచ్చవ్వ.

జమాదారు లేచి రెండడుగులు అటూ ఇటూ నడిచాడు. ఈమె చెప్పింది ఆటేనని తాను నమ్ముతున్నానన్నాడు. కానీ పలక మీది మాటల నకలు అప్పటికే వరంగల్‌కు పోయింది. పైవాళ్లకు గుడాలు పెట్టి నచ్చజెప్పలేము. ఆయన పలక వైపు వేలు చూపించి చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఆదివారం ఎర్ర బనీన్లు గెలిస్తే ఇది ఆట మాట అని రాస్తాను. ఓడితే రాజకీయం అంటారు. అప్పుడు నేను ఆపలేను."

వెళ్లే ముందు బుచ్చవ్వను నాతో మాట్లాడనిచ్చారు. కిటికీ చువ్వల్లోంచి దొప్ప అందించింది. నేను తీసుకోలేదు. నాకు కోపం వచ్చింది. గెలిచే దారి జమాదారుకు నువ్వే చూపించావు, ఆదివారం ఆయన క్యాంపులోనే కూర్చుంటాడు, వాళ్లు గెలుస్తారు, నేను జైలుకు పోతాను, ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయేదని అడిగాను.

ఆమెకు కోపం రాలేదు. "ఆటల అబద్దం చెప్తె మల్ల నా మాట ఎవరు ఇంటరు కొడుకా. నువ్వు జర పరేషాన్ గాకు. ఆయిన రాకుంట ఉండలేడు. ఆయిన పానమంత బంతి మీదనే ఉన్నది" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని శుక్రవారం, శనివారం గడిపాను. ఒక గంట నమ్మేవాణ్ణి, ఒక గంట నమ్మేవాణ్ణి కాదు.

ఆదివారం సాయంత్రం చల్లబడే వేళకు నన్ను కూడా ఆటస్థలానికి తీసుకుపోయారు. ఇద్దరు కానిస్టేబుళ్ల నడుమ నేల మీద కూర్చోబెట్టారు. ఊరంతా అక్కడే ఉంది. నన్ను చూసి జనం చూపులు తిప్పుకున్నారు. కౌసల్య మాత్రం తిప్పుకోలేదు, ఆడవాళ్ల గుంపులో ముందుకొచ్చి నాకు కనబడేట్టు నిలబడింది. బుచ్చవ్వ తన మూలన తానుంది. జమాదారు కుర్చీ గీత పక్కనే ఉంది. ఆయన కూడా వచ్చి అందులో కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

తన వైపు చూడవద్దని ఆయన ఆర్డరిచ్చే ఉంటాడు. పొడుగువాడు పాపం మెడ బిగబట్టి, చూడకూడదని చూసి, నాలుక కరుచుకుని ఆడాడు. మొదటి సగంలోనే ఎర్రయ్య అతని పక్కనుంచి దూరి ఒక గోలు కొట్టాడు. జనం ఎర్రోళ్లు, ఎర్రోళ్లు అని అరిచారు. నా పక్కన కూర్చున్న కానిస్టేబులు ఉలిక్కిపడ్డాడు. పలకను నకలు రాసుకున్నది అతనే. ఎర్రోళ్లంటే ఎవరో ఇప్పుడు తెలిసిందా నాయినా అన్నాను. ఆ నాలుగు రోజుల్లో నేను ధైర్యంగా అన్న మాట అదొక్కటే.

సగం ఆట అయ్యాక కుర్చీ మోసేవాడు వచ్చి కుర్చీ ఎత్తాడు. జమాదారు వద్దన్నాడు. లేచి, ఆటస్థలం దాటి, గూడ్స్ షెడ్డు వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. గోడ చాటున కనబడకుండా పోయాడు.

అప్పుడు పోలీసు జట్టు ఆట చూడాలి. ఇన్నాళ్లూ కట్టేసి ఉంచిన కాళ్లను విడిచినట్టయింది వాళ్లకు. పొడుగువాడు ఎవరినీ చూడకుండా, ఎవరినీ అడక్కుండా బంతిని అందుకుని సగం స్థలం ఉరికాడు. వాళ్లు ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకోవడం, నవ్వుకోవడం అదే మొదటిసారి విన్నాను. యోహాను మూడుసార్లు నేల మీద పొర్లి ఆపాడు, నాలుగోసారి ఆపలేకపోయాడు. ఆట సమానమైంది. ఈసారీ సమానమైతే చీటీ తీస్తామని ముందే చెప్పారు. చీటీలో గెలిస్తే పలక మాట నిజమైనట్టు పైవాళ్లు ఎందుకొప్పుకుంటారు? నేను కౌసల్య వైపు చూడలేకపోయాను.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పిల్లలు అంత బాగా ఆడుతుంటే నాకు కూడా చూడాలనిపించింది. నా మెడ మీద కత్తి వేలాడుతున్నా సరే. ఆటలో ఏదో ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

జనం అరుపులు పెరిగాయి. పోలీసు జట్టు ఇంకోసారి గోలు దాకా వచ్చింది, బంతి గుంజకు తగిలి ఠంగుమంది. ఆ చప్పుడుకు అందరం అబ్బా అన్నాం. నేను బుచ్చవ్వను చూశాను. ఆమె బంతిని చూడటం లేదు. గూడ్స్ షెడ్డు మూలనే చూస్తోంది.

ఆ మూలన మొదట ఒక టోపీ కనబడింది. తర్వాత ముఖం. తర్వాత జమాదారు మొత్తంగా బయటికి వచ్చాడు. గుంజకు తగిలిన బంతి చప్పుడు విని, లోపల పడిందో లేదో తెలియక, ఇరవై ఏళ్లు ఆడిన మనిషి ఎంతసేపు గోడను చూస్తూ నిలబడగలడు? గబగబా గీత దాకా వచ్చేశాడు. యోహాను అప్పటికే బంతిని దూరంగా తన్నాడు. అది పొడుగువాడి ముందే పడింది. అతను దాన్ని కొట్టబోతూ పక్కన జమాదారు టోపీ చూశాడు. తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. అంతే. ఎర్రయ్య బంతిని అతని కాళ్ల దగ్గర్నుంచి తీసుకుపోయి రెండో గోలు కొట్టాడు.

జనం గాలిలోకి లేచారు. నేను లేవలేదు, నేల మీద కూర్చునే ఏడ్చాను. జమాదారు టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. తర్వాత బుచ్చవ్వ ఉన్న మూలకు పోయి, తనకు తానే చెయ్యి పెట్టి గంపలోంచి దొప్పెడు గుడాలు తీసుకున్నాడు. షెడ్డు వెనకనే ఉండాల్సింది అన్నాడు.

"ఉండలేవని నాకు ఎరికే సారూ" అంది ఆమె.

ఆ సాయంత్రమే కాగితం రాశాడు. పలక మీది మాటలు బంతాట జోస్యమని, అది అక్షరాలా నిజమైందని, ఎర్రయ్య అనేవాడు కొట్టినవి రెండూ గోలులేనని. జోస్యం చెప్పినది ఎవరని రాయాలని నన్ను అడిగాడు. రామచందర్ అన్న పేరు కలం కొస దాకా వచ్చి ఆగి ఉంది. బుచ్చవ్వ అని రాయండి, నేను సుద్ద పట్టుకున్నవాణ్ణి మాత్రమే అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు ఏడాది, నాలుగు రోజులు పట్టింది. పలకను నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ చైత్రం పోయి శ్రావణం రాగానే మాకు సుశీల పుట్టింది.

మరుసటి గురువారం పలక ముందు ఎన్నడూ లేనంత మంది మూగారు. గార్ల మిషను జట్టుతో ఫైనలు. ఎవరు గెలుస్తారో చదవడానికి జమాదారు కూడా సైకిలు దిగి నిలబడ్డాడు. అన్నిటికంటే పైన ఇది బంతాట అని పెద్దక్షరాలతో రాశాను. బుచ్చవ్వ చెప్పింది చెప్పినట్టు రాసి, కింద బుచ్చవ్వ అని ఆమె పేరు పెట్టాను. ఆమె బొబ్బర్ల సంచీ చంకన పెట్టుకుని వచ్చి, ఏం రాసినవని అడిగింది. మొత్తం చదివి వినిపించాను.

ఎర్రోళ్లు అన్నది తుడిచి రైలోళ్లు అని రాయమంది. రాశాను. తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. సుద్ద చెరిగిపోతుందని వేలు తగలనీయకుండా, గాలిలోనే ఆ మూడక్షరాల మీదుగా వేలు నడిపించింది.

"కింద నీ పేరు గూడ జర చిన్నగ రాస్కో కొడుకా" అంది. "గా నాలుగొద్దులు లోపలున్నది నువ్వే కద."